కన్ఫర్మేషన్ పాఠాల సెట్టు: టీచరు పుస్తకానికి నా ఓటు, వీడియోలకు కాదు

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. టీచరు పుస్తకం, పిల్లల వర్క్‌బుక్ తప్పకుండా తీసుకోండి. ఆజ్ఞల కార్డులు తీసుకునేముందు విప్పి చూడండి. వీడియోలు లేకపోయినా లోటేమీ లేదు. చివర్లో ఇచ్చిన పరీక్ష పేపరు పిల్లల కంట పడకుండా దాచేయండి.

నేను వారమంతా బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక మా లూథరన్ సంఘంలో, అంటే పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే సంఘంలో, కన్ఫర్మేషన్‌కి సిద్ధమయ్యే పిల్లలకు క్లాసు తీసుకుంటాను. పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లు పెద్దయ్యాక సంఘం ముందు తమ విశ్వాసాన్ని ఒప్పుకోవడమే కన్ఫర్మేషన్. యాక్షన్ సాంగులంటే సిగ్గు, ప్రసంగమంటే నిద్ర, అదీ వాళ్ల వయసు. మన సంఘం ఏం నమ్ముతుంది, ఎక్కణ్ణుంచి వచ్చింది, పక్క సంఘానికీ మనకీ తేడా ఏమిటి అన్న మూడు సంగతులూ వాళ్లకు నేర్పడానికి తయారుచేసిన సెట్టు ఇది. పేరు రాయడం లేదు, కింద కాస్త గట్టిగానే తిట్టాను కాబట్టి. పెట్టె మీద లూథర్ గులాబీ ముద్ర ఉంటుంది: నల్ల సిలువ, ఎర్ర గుండె, తెల్ల గులాబీ, నీలం నేల, చుట్టూ బంగారు వలయం. లోపల టీచరు పుస్తకం, వర్క్‌బుక్, గోడకు తగిలించే కాలపట్టిక, ఆజ్ఞల కార్డులు, ఫోన్లో చూసుకునే వీడియోలు.

పాఠాలన్నిటికీ వెన్నెముక లూథర్ చిన్న కాటెకిజం, అంటే విశ్వాసాన్ని ప్రశ్న-జవాబులుగా నేర్పే చిన్న పుస్తకం. 1528లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతపు సంఘాలను లూథర్ తిరిగి చూస్తే జనానికి పది ఆజ్ఞలూ రావు, విశ్వాస ప్రమాణమూ రాదు, ప్రభువు ప్రార్థనా రాదు. కొందరు పాస్టర్లకే బోధించడం చేతకాదు. ఆ కోపంలోంచీ దిగులులోంచీ 1529లో పుట్టిందది. మొదట వచ్చింది పుస్తకంగా కూడా కాదు, గోడకు అంటించుకునే పెద్ద కాగితాలుగా. ఇంటి యజమాని ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడానికి రాసినది. టీచరు పుస్తకం ఈ కథతో మొదలవుతుంది. బాగుంది, ఎందుకంటే పిల్లలు వెంటనే అడుగుతారు, ‘అప్పటి పాస్టర్లకీ రాదా?’ అని. ఆ ఒక్క ప్రశ్నతో గదిలో బిగువు సడలిపోతుంది.

వర్క్‌బుక్ చేసిన మంచి పని ఒకటుంది. ఎడమ పేజీలో లూథర్ వివరణ, కుడి పేజీ ఖాళీ. పైన ఒకటే వాక్యం: ‘ఇందులో నీకు ఒప్పుదల కానిది రాయి.’ కంఠతా పట్టడం ఆ తర్వాతే. మా తరంలో ముందు అప్పజెప్పేవాళ్లం, అర్థం పెళ్లయ్యాక తెలిసేది, తెలిస్తే. ఇక్కడ ఆ వరస తిరగేశారు.

ఎనిమిదో ఆజ్ఞ పాఠం చూడండి. ‘నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు.’ లూథర్ దీన్ని కోర్టు సాక్ష్యం దగ్గర ఆపడు. పొరుగువాడి మీద చాడీలు చెప్పకూడదు, చెడ్డపేరు తేకూడదు, అంతటితో సరిపోదు, అతని పక్షాన మాట్లాడాలి, అతను చేసినదాన్ని వీలైనంత మంచి అర్థంలో తీసుకోవాలి అంటాడు. వాట్సాప్ గ్రూపుల్లో బతికే పిల్లలకు ఇది సూటిగా తగులుతుంది. ఒకమ్మాయి కుడి పేజీలో ఇలా రాసింది: ‘అయితే నా ఫ్రెండ్‌ని ఏడిపించే సీనియర్ సంగతి ప్రిన్సిపాల్‌కి చెబితే అది చాడీయా?’ నేను జవాబు వెతుక్కునేలోగా టీచరు పుస్తకంలో అదే ప్రశ్న కనిపించింది. అయిదో ఆజ్ఞ దగ్గరికి వెళ్లమంది. ‘నరహత్య చేయకూడదు’ అన్నదానికి లూథర్ వివరణలో చంపకపోవడం ఒక్కటే లేదు, పొరుగువాడికి ఒంటికి వచ్చే ప్రతి ఆపదలోనూ సాయపడాలని ఉంది. దెబ్బ తినేవాణ్ణి కాపాడటానికి, ఆపగలిగే మనిషికి చెప్పడం చాడీ కాదు. ఒక ఆజ్ఞతో ఇంకో ఆజ్ఞను పక్కపక్కన పెట్టి చదవడం ఇంత తేలిగ్గా నేర్పిన పుస్తకం నేనింతవరకూ చూడలేదు. ఎవరు రాశారో గానీ క్లాసులో నిలబడి సుద్దపొడి పీల్చిన మనిషే.

ఇక్కడే కార్డుల మీద నా ఫిర్యాదు. మందపాటి అట్ట, మంచి బొమ్మలు, అంచులు నలగవు. కానీ వర్క్‌బుక్‌లో ఎనిమిదో ఆజ్ఞ అబద్ధసాక్ష్యం అయితే, ఎనిమిదో కార్డు మీద ‘దొంగిలకూడదు’ అని ఉంది! అబద్ధసాక్ష్యం తొమ్మిదో కార్డు. ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. కార్డులు వేరే సంఘాల కోసం గీసినవి, ఇక్కడ పెట్టెలో పడేశారు. నిర్గమకాండము 20లో ఆజ్ఞలకు అంకెలు లేవు. విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశపడటాన్ని చివర్లో రెండుగా విడగొట్టే లెక్క తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను నుంచి వచ్చింది. రోమన్ క్యాథలిక్కులూ లూథరన్లమూ దాన్నే పాటిస్తాం. రిఫార్మ్డ్ సంఘాలు (జ్వింగ్లీ, కాల్విన్ల బాటలోవి), ఆంగ్లికన్లు విగ్రహాల మాటను విడిగా రెండోదిగా లెక్కపెడతారు. యూదుల లెక్క ఈ రెండూ కాదు. అంటే వచనాలు అవే, విభజన వేరు.

లెక్కల టీచర్ని కదా, నాకిది మహా సరదా అయిన పాఠం. పక్క సంఘం స్నేహితుడితో ‘నీ ఆరో ఆజ్ఞ ఏంటి’ అని పోట్లాడి వచ్చిన పిల్లాడికి, మన సంఘం గుర్తింపు గురించి ఇంతకన్నా మంచి మొదలు ఉండదు. ప్రొటెస్టెంట్లమైన మనం ఈ విషయంలో క్యాథలిక్కుల వైపు, సాటి ప్రొటెస్టెంట్లకు దూరంగా ఉన్నామని వాళ్లే కనిపెడతారు. ఆ అవకాశాన్ని అచ్చుతప్పులా వదిలేశారు. నేను కార్డుల వెనక పెన్సిల్‌తో రెండు లెక్కలూ రాసి వాడుకుంటున్నాను.

చరిత్ర పాఠాలు రెండు నోళ్లతో మాట్లాడతాయి. వీడియోలో ఉరుము, మెరుపు, సుత్తి, చర్చి తలుపు. 1517 అక్టోబరు 31. మేకు దిగుతుంటే వెనక వయొలిన్లు. టీచరు పుస్తకం మాత్రం నిదానంగా అసలు సంగతి చెబుతుంది. ఆ రోజు లూథర్, పాపశిక్ష తగ్గించే పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించే తన 95 వాదాలను జతచేసి మైన్జ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్‌కు ఉత్తరం రాశాడు, అది గట్టి ఆధారమున్న మాట. వాటిని చర్చి తలుపుకు మేకుతో కొట్టినట్టు లూథర్ తనంతట తాను ఎక్కడా రాసుకోలేదు. 1546లో ఆయన చనిపోయాక ఆయన సహచరుడు మెలాంక్తన్ రాశాడు, ఆయనేమో విట్టెన్‌బర్గ్‌కు వచ్చిందే 1518లో. 1521లో వర్మ్స్‌లో చక్రవర్తి సభ ముందు లూథర్ అన్నాడని చెప్పే ‘ఇదిగో ఇక్కడ నిలబడ్డాను’ అనే మాట కూడా సభ రికార్డులో లేదు, తర్వాత అచ్చయిన ప్రతుల్లో చేరింది.

రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి! వీడియో చూపించి ఈ పేజీ చదివితే పిల్లలు ఊరుకుంటారా? ‘మరి వీడియోలో అబద్ధం ఎందుకు పెట్టారు టీచర్?’ అని ఒకడు లేచాడు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు, ‘మంచి అర్థంలో తీసుకోవాల్రా, ఎనిమిదో ఆజ్ఞ’ అన్నాడు. ఆ బ్యాచ్‌లో కాటెకిజం ఎవరికి ఎక్కిందో నాకు అప్పుడే అర్థమైంది.

లూథర్‌కు మచ్చలు లేనట్టు వర్క్‌బుక్ నడుస్తుంది. 1525 రైతుల తిరుగుబాటులో, వాళ్లను నరికేయమని ప్రభువులను రెచ్చగొడుతూ ఆయన రాసిన రాతలు వర్క్‌బుక్‌లో లేవు. 1543లో యూదుల మీద ఆయన కక్కిన విషమూ లేదు. టీచరు పుస్తకంలో ఒక పేజీ ఉంది, అక్కడ 1984లో బుడాపెస్ట్‌లో జరిగిన లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ మహాసభ యూదుల మీది ఆ రాతలను తోసిపుచ్చిన సంగతీ ఉంది. కానీ పైన ‘సమయం ఉంటే’ అని శీర్షిక పెట్టారు. సమయం ఉంటే ఏమిటండీ! పదిహేనేళ్ల పిల్లాడు ఫోన్లో లూథర్ పేరు కొట్టగానే ఇవన్నీ బయటపడతాయి. అప్పుడు వాడికి అనిపించేది లూథర్ చెడ్డవాడని కాదు, మా సంఘం వాళ్లు నా దగ్గర దాచారని. కృపచేతనే రక్షణ అని నేర్పే సంఘం తన పెద్దల పాపం ఒప్పుకోవడానికి భయపడాల్సిన పని లేదు. నేను ఈ పేజీకి ఒక పూర్తి క్లాసు ఇచ్చాను.

అన్నిటికన్నా బాగా పండిన పాఠం మార్బర్గ్. 1529 అక్టోబరులో జర్మనీలోని హెస్సె పాలకుడు ఫిలిప్ లూథర్‌ని, స్విస్ సంస్కర్త జ్వింగ్లీని మార్బర్గ్‌లో కూర్చోబెట్టాడు. పదిహేను అంశాల్లో పద్నాలుగు ఒప్పుకున్నారు. పదిహేనోదైన ప్రభువు బల్ల (ప్రభు భోజనం) విషయంలోనూ చాలావరకు కలిసి, క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఆ రొట్టెలో, ద్రాక్షారసంలో ఉన్నాయా అన్నచోట విడిపోయారు. లూథర్ ఉన్నాయన్నాడు, జ్వింగ్లీ అవి గుర్తులే అన్నాడు. లూథర్ సుద్దముక్కతో బల్ల మీద ‘ఇది నా శరీరము’ అని లాటిన్‌లో రాసి, దానిమీద గుడ్డ కప్పి కూర్చున్నాడని చెబుతారు. వాదం ముదిరినప్పుడు గుడ్డ తీసి చూపించాడట. పుస్తకం దీన్ని పిల్లల చేత ఆడించమంటుంది: ఒక బల్ల, ఒక దుప్పటి, ఒక సుద్దముక్క, ఇద్దరికి చెరొక కాగితం మీద వాదనలు. మా జ్వింగ్లీ కాగితం పక్కన పడేసి సొంతంగా వాదించాడు, ‘ఆయన నేనే ద్వారమును అన్నాడు కదా, మరి ఆయనకు గడియ ఉందా?’ అని. క్లాసు సగం అటు వెళ్లిపోయింది. లూథర్ వేషం వేసిన అమ్మాయి మాత్రం దుప్పటి లాగి, సుద్ద అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడింది. అసలు లూథర్ చేసినదీ దాదాపు అదే.

ఇక్కడ నాకు పుస్తకంతో పేచీ. చివర ‘ఎవరిది సరైనదో టీచరు చెప్పకూడదు’ అని ఉంది. ఎందుకు చెప్పకూడదు? వాళ్లు రేపు ఆ బల్ల దగ్గరకు వచ్చి మోకరించబోతున్నారు. రొట్టె, ద్రాక్షారసాల్లో, వాటితో, వాటి కింద క్రీస్తు తన నిజమైన శరీర రక్తాలను ఇస్తున్నాడని మా సంఘం నమ్ముతుంది. జ్వింగ్లీ వాదన ఎంత బలమైనదో చూపించి, ఆ తర్వాత కూడా మేమిది ఎందుకు నమ్ముతున్నామో చెప్పడమే నా పని. పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వడం వేరు, టీచరు తప్పించుకోవడం వేరు.

ఇంకొక పెద్ద లోపం. కన్ఫర్మేషన్ అనే ఈ ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో సెట్టు మొత్తంలో లేదు. మా సంఘంలో అది సంస్కారం (క్రీస్తే నియమించిన పవిత్ర క్రియ) కాదు. సంస్కారాలు బాప్తిస్మము, ప్రభు భోజనం. మరి దీన్ని ఎందుకు పెట్టారు? హెస్సెలో అనాబాప్టిస్టులు, అంటే నమ్మి ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం ఇవ్వాలనేవాళ్లు, గట్టిగా ఒక ప్రశ్న వేశారు: ఊయలలోని పసివాడికి బాప్తిస్మం ఇస్తారే, వాడు నమ్మానని ఎప్పుడు చెప్పాడు? స్ట్రాస్‌బర్గ్ సంస్కర్త మార్టిన్ బూసర్ వాళ్లతో కూర్చుని మాట్లాడి, అందులో న్యాయం ఉందని గుర్తించాడు. పసిబిడ్డల బాప్తిస్మం మానలేదు, పెద్దయ్యాక నేర్పించి, సంఘం ముందు వాళ్ల నోటితోనే విశ్వాసపు ఒప్పుకోలు చెప్పించే పద్ధతి చేర్చాడు. 1539 నాటి జీగెన్‌హైన్ సంఘ క్రమంలో అది రాతపూర్వకంగా వచ్చింది. అంటే ఆదివారం మధ్యాహ్నం ఆకలితో నా ముందు కూర్చున్న ఈ పిల్లల క్లాసు, మనం తరిమికొట్టినవాళ్లు వేసిన ప్రశ్నకు జవాబు. వాళ్లను మనవాళ్లు హింసించారు. 2010లో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ ఆ అనాబాప్టిస్టుల వారసులైన మెన్నొనైట్లను క్షమాపణ అడిగింది. ఈ రెండు తేదీల మధ్య గీత గీస్తే చాలు, సంఘ చరిత్ర పాఠం సగం అయిపోతుంది. కాలపట్టికలో 1539 లేదు, 2010 ఉంది. నేను స్కెచ్ పెన్నుతో చేర్చాను.

ఆడవాళ్ల విషయానికొస్తే, కథరీనా ఫోన్ బోరాకు ఒక పేరా, అదీ ‘లూథర్ భార్య’ అని. మఠం నుంచి తప్పించుకుని, 1525లో పెళ్లాడి, ఆ తర్వాత పొలం, పశువులు, బీరు కాచడం, విద్యార్థుల భోజనాలు, అంత పెద్ద ఇంటి ఖర్చు అంతా మోసిన మనిషి! 1523లో ఒక యువ విద్యార్థి మీద మతద్రోహి ముద్ర వేశారని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయాన్నే లేఖనాలతో నిలదీస్తూ ఉత్తరం రాసిన అర్గూలా ఫోన్ గ్రుంబాక్‌కు అసలు చోటే లేదు. ఆడపిల్లలు సగానికి పైగా ఉన్న క్లాసులో ఇది చిన్న విషయం కాదు.

1999లో ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్ సంఘంతో కలిసి చేసిన నీతిమంతత్వ ప్రకటన (మనిషి దేవుని ముందు నీతిమంతుడయ్యేది ఎలా అన్నదాని మీద) పాఠం పర్వాలేదు. పొడిగా ఉంది, పాస్టర్ గారితో చెప్పించండి.

పరీక్ష పేపరంతా టిక్కులే. లూథర్ ఎప్పుడు పుట్టాడు, కాటెకిజంలో భాగాలెన్ని, ఇలాంటివి. కుడి పేజీల నిండా అభ్యంతరాలు రాయించి చివరికి నాలుగింట్లో ఒకటి ఎంచుకో అనడం ఏం న్యాయం? తల్లిదండ్రులు మార్కులు అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి. బదులుగా వర్క్‌బుక్ చివరి ఖాళీ కాగితంలో ‘నేను నమ్ముతున్నది’ అని ఒక పేజీ రాయించి, పాస్టర్ గారి ముందూ పెద్దల ముందూ చదివించండి. రాయలేనివాళ్లు నోటితో చెప్పినా చాలు.

తెచ్చుకునేవాళ్లకు చివరిగా రెండు మాటలు. ఒక్కో పాఠం గంట అని రాశారు, మాట్లాడే పిల్లలుంటే గంటన్నర పెట్టుకోండి. అంకెల సంగతి ప్రచురణకర్తలకు రాశాను, తర్వాతి ముద్రణలో మారుస్తామన్నారు. కాబట్టి పెట్టె విప్పగానే ఎనిమిదో కార్డు తీయండి, దానిమీద ‘దొంగిలకూడదు’ అని ఉంటే పాత సరుకే.