డీస్పేస్‌తో పదేళ్లు: ఒక లైబ్రేరియన్ అనుభవం

పత్రాలను డిజిటల్‌గా దాచి, వెతికి చూసుకునేలా చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ డీస్పేస్. మా కాలేజీ లైబ్రరీలో దాన్ని పెట్టింది 2014లో. అప్పుడు నాలుగో వెర్షన్, ఇప్పుడు ఏడో వెర్షన్. ఈలోపు సర్వర్ రెండుసార్లు మారింది, ప్రిన్సిపాల్‌లు నలుగురు మారారు. థీసిస్‌లు, అధ్యాపకుల వ్యాసాలు, పాత ప్రశ్నపత్రాలు, కాలేజీ పత్రిక సంచికలు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇన్నాళ్లు వాడాక చెప్పేది ఒక్కటే: సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాన్ని చూసుకునే మనిషి ఉచితం కాదు.

దీన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారని. ఎంఐటీ, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ మీదే విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి థీసిస్‌ల భాండాగారం శోధ్‌గంగ నడుస్తోంది. ఇలాంటిదే, సౌతాంప్టన్‌లో పుట్టిన ఈప్రింట్స్ కూడా మంచిదే. బెంగళూరు ఐఐఎస్‌సీ, మన పటాన్‌చెరు ఇక్రిశాట్ దాన్నే వాడాయి. కాని మా చుట్టుపక్కల కాలేజీల్లో దాన్ని రాసిన పెర్ల్ ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. గ్రీన్‌స్టోన్ అనే మరో డిజిటల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టి చూశాం. ఒకసారి తయారుచేసి పెట్టేసే సేకరణకు అది బాగుంటుంది. రోజూ పదిమంది ఫైళ్లు పంపే పనికి మాకు సరిపడలేదు.

డీస్పేస్‌లో అమరిక తేలిక: కమ్యూనిటీ (ఒక విభాగం లాంటిది), దాని కింద కలెక్షన్ (సేకరణ), అందులో ఐటెమ్ (ఒక్కో పత్రం). విద్యార్థి ఫైలు పంపితే గైడ్ చూసి, ఆ తర్వాత లైబ్రరీ ఆమోదించేలా పెట్టుకోవచ్చు. ఫలానా తేదీ దాకా ఎవరికీ కనపడకూడదు అని కూడా చెప్పొచ్చు. పేటెంట్ టెన్షన్ ఉన్న అధ్యాపకులకు ఇది ప్రాణం.

మొదట్లో నేను చేసిన పెద్ద తప్పు హ్యాండిల్ విషయంలో. ప్రతి ఐటెమ్‌కూ శాశ్వత చిరునామాగా ఒక నంబరు వస్తుంది, దాన్నే హ్యాండిల్ అంటారు. మాకు 123456789 అని మొదలయ్యేది. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను! అది ఇన్‌స్టాల్ చేసిన ప్రతివాళ్లకూ వచ్చే డమ్మీ నంబరని రెండేళ్లకు తెలిసింది. అప్పటికే పిల్లలు ఆ లింకులను వ్యాసాల్లో అచ్చు వేయించుకున్నారు. సొంత నంబరు తీసుకుని అన్నీ మార్చాం, పాత లింకులను కొత్తవాటికి మళ్లించాం. మీరు మొదటి ఫైలు ఎక్కించకముందే ఈ పని చేసుకోండి.

తెలుగు సంగతి. శీర్షిక యూనికోడ్‌లో టైప్ చేస్తే వెతుకులాట బాగానే పనిచేస్తుంది. చిక్కంతా పాత తెలుగు థీసిస్‌లతోనే. పీడీఎఫ్ తెరిస్తే చక్కటి తెలుగే కనిపిస్తుంది. కాని అవి యూనికోడ్ కాని ఫాంట్లు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. డీస్పేస్ వెతుకులాట కోసం ఫైలు లోపలి పాఠాన్ని తీసి ఇండెక్స్ (పదాల సూచిక) చేస్తుంది కదా, ఆ చెత్తే ఇండెక్స్‌లోకి వెళ్తుంది. అందుకే శీర్షిక, సారాంశం, కీలకపదాలు మేమే కూర్చుని మళ్లీ టైప్ చేశాం. ఇక రచయితల పేర్లు: ఒకే మనిషి ‘యస్. సుబ్బారావు’, ‘ఎస్. సుబ్బారావు’, ‘సుబ్బారావు ఎస్’ అని ముగ్గురుగా కనిపిస్తాడు. ఎవరి వ్యాసాలు ఎన్నని కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ కమిటీ అడిగిన రోజున ఇది బాగా తెలిసొస్తుంది.

ఇలాంటివి సరిచేయడానికి నాకు బాగా నచ్చిన సౌకర్యం సీఎస్‌వీ (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే సాదా పట్టిక ఫైలు). ఒక కలెక్షన్ వివరాలన్నీ పట్టికగా దించుకుని, సరిచేసి, మళ్లీ ఎక్కించొచ్చు. ఒకసారి అలా స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేశాను, తెలుగు శీర్షికలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ఎక్కించేముందు ఏమేం మారుతున్నాయో డీస్పేస్ జాబితా చూపించింది కూడా. చదవకుండా నొక్కింది నేనే. ముందురోజు బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను. అప్పటినుంచి లిబ్రేఆఫీస్‌లో యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే యూనికోడ్ పద్ధతి) ఎంచుకునే తెరుస్తున్నాను.

డౌన్‌లోడ్ లెక్కలు చూసి మొదట పొంగిపోయాం. తర్వాత చూస్తే అందులో సగానికి పైగా బాట్‌లే (మనుషులు కాదు, వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు).

2021లో వచ్చిన ఏడో వెర్షన్‌కు మారడం మాత్రం నిజంగా కష్టం. పాఠకుడికి కనపడే పేజీలను చూపించే పాత జేఎస్‌పీయూఐ మొత్తం తీసేసి, యాంగులర్ అనే వెబ్ సాధనంతో కొత్త ముఖం పెట్టారు. మేం రంగులు, లోగో, తెలుగు మెనూలు అంటూ చేసుకున్న మార్పులన్నీ బూడిదలో పోసిన పన్నీరే. సర్వర్‌లో వెనక జావా, ముందు పేజీలకు నోడ్, పక్కన వెతుకులాటకు సోలార్ అనే ప్రోగ్రాములన్నీ నడవాలి. మా 4 జీబీ సర్వర్ ఆయాసపడి ఆగిపోయేది, 16 జీబీకి మార్చాక నిలబడింది. వేసవి సెలవులు మొత్తం దీనికే పోయాయి. అయితే డేటాబేస్ మాత్రం ఒక్క కమాండ్‌తో కొత్త రూపానికి మారింది. ఫైలు మారిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్‌లు సరిచూస్తే ఒక్క ఫైలూ తేడా రాలేదు. నా మనసులో దీనికి ఎక్కువ మార్కులు ఇక్కడే.

లినక్స్ కమాండ్‌లకు భయపడని మనిషి ఒకరు, వారానికి రెండు రోజులైనా దీనికే ఇవ్వగలిగితే పెట్టుకోండి. రెండు వందల ఫైళ్ల కోసమైతే ఇంత బరువు అక్కర్లేదు, కాలేజీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ చాలు. తర్వాతి వెర్షన్లు వచ్చేశాయి. మా కుర్రాడు రోజూ అడుగుతున్నాడు కాని, వచ్చే వేసవి దాకా ముట్టుకోవద్దని చెప్పాను.