కొలెస్ట్రాల్‌కు ఉసిరి పొడి: రెండేళ్లు దాటిన వాడకం తర్వాత

ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 అని రిపోర్టు వచ్చినప్పుడు డాక్టర్ వెంటనే మాత్ర రాయలేదు. నాకు బీపీ, షుగర్ లేవు. ఇంట్లో ఎవరికీ చిన్న వయసులో గుండెజబ్బు రాలేదు. అందుకని కొన్నాళ్లు తిండి, నడక సరిచేసుకుని మళ్లీ పరీక్ష చేయించుకోమన్నారు. ఉసిరి పొడి తీసుకోవచ్చా అని అడిగితే, తీసుకోండి గానీ పరీక్షలు మాత్రం మానొద్దు అన్నారు.

ముందు ఫలితం చెప్తాను. ఎల్‌డీఎల్ మెల్లగా 150కి, తర్వాత 130ల్లోకి దిగి అక్కడే ఉంటోంది. 210 ఉన్న ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 150 లోపుకు వచ్చాయి. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) దాదాపు కదల్లేదు. ఇదంతా ఉసిరి చలవే అంటే అబద్ధమవుతుంది. ట్రైగ్లిజరైడ్లు తగ్గింది తీపి మానడం వల్లేనని నా నమ్మకం. మధ్యలో కొన్ని నెలలు పొడి ఆపి, మిగతావన్నీ అలాగే ఉంచితే ఎల్‌డీఎల్ కొంచెం పెరిగింది. అది ఉసిరి లేకపోవడం వల్ల కావచ్చు. కాకపోయినా కావచ్చు, ఎందుకంటే ఏ మార్పూ చేయకపోయినా పరీక్షకీ పరీక్షకీ అంత తేడా మామూలుగానే వస్తుంది.

పనిచేసే అవకాశం ఉందనడానికి కారణం లేకపోలేదు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారవడానికి హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము కావాలి. కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రలు అడ్డుకునేది దాన్నే. ఉసిరిలోని పాలీఫినాల్స్ (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) కూడా దాన్ని కొంత తగ్గిస్తాయని ల్యాబుల్లో, జంతువుల మీద చేసిన పరిశోధనల్లో కనిపించింది. మనుషుల మీద జరిగిన అధ్యయనాలు మాత్రం చిన్నవి. వాటిలో చాలావాటిలో వాడింది గాఢంగా తీసిన ఎక్స్‌ట్రాక్టు (సారం) క్యాప్సూళ్లు; ఉదాహరణకు ఒకదాంట్లో 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 12 వారాలు ఇచ్చారు. మనం చెంచాతో కలుపుకునే పొడి, ఆ క్యాప్సూలు ఒకటి కావు. ప్యాకెట్ల మీద రాసే గొప్పలు చదివేటప్పుడు ఇది గుర్తుంటే మంచిది.

వాడకం విషయానికొస్తే, పరగడుపున తీసుకుంటే నాకు కడుపులో మంట వచ్చేది. భోజనం తర్వాత గ్లాసు నీళ్లలో చిన్న చెంచాడు కలుపుకుంటే ఇబ్బంది లేదు. వగరు మొదట్లో గట్టిగానే తగులుతుంది, తర్వాత అలవాటైపోతుంది. పులుపు పళ్లకు మంచిది కాదు కాబట్టి తాగాక నోరు పుక్కిలిస్తాను. పంచదార పాకంలో నానిన ఉసిరి, తీపి కలిపిన జ్యూసు జోలికి వెళ్లను. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు ఆ చక్కెర నేరుగా చెరుపు చేస్తుంది.

ఇప్పటికే స్టాటిన్ వేసుకుంటున్నవాళ్లు ఉసిరి మొదలుపెట్టామని మాత్ర ఆపేయకండి, దయచేసి. గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంటు వేయించుకున్నవాళ్లకు ఆ మాత్ర ప్రాణానికి రక్ష. ఎల్‌డీఎల్ 190 దాటితే అది వంశపారంపర్యంగా వచ్చిందేమో చూడాలి, అక్కడ పండ్లతో సరిపెట్టుకునే పని కాదు. రక్తం పలచబడే మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు, ఆపరేషన్ ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఉసిరి రక్తం గడ్డకట్టడాన్నీ, షుగర్‌నీ కొంత తగ్గించగలదు.

నేను ఇంకా వాడుతున్నాను. లిపిడ్ ప్రొఫైల్‌తో (కొలెస్ట్రాల్, కొవ్వుల రక్తపరీక్ష) పాటు లివర్ పరీక్ష కూడా చేయిస్తున్నాను, ఇప్పటిదాకా అంతా బాగానే ఉంది. ఎల్‌డీఎల్ మళ్లీ 160 దాటితే మాత్ర మొదలుపెడదామని డాక్టర్, నేను ముందే అనుకున్నాం.