పొగ ఎందుకు మానలేరు: ఏ దృక్పథం సరిగా చెబుతుంది?

ఒంగోలులో బీఎడ్, డిగ్రీ విద్యార్థులకు మనోవిజ్ఞానం బోధించే నన్ను ప్రతి ఏడాదీ పరీక్షల ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మనిషి ప్రవర్తనను వివరించడానికి మనోవిజ్ఞానంలోని దృక్పథాలన్నిటిలో ఏది మేలు?" నిర్వచనాలు వారికి కంఠతా వచ్చు కనుక వాటి జోలికి వెళ్లను. ఒకే ప్రవర్తనను ముందు పెట్టుకొని, ఏ దృక్పథం దాన్ని ఎంతవరకు వివరిస్తుందో చూడటమే సరైన పోలిక అని నా నమ్మకం. టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలకు బేళ్లు తోలే ఇళ్ల పిల్లలు నా తరగతిలో ఎందరో ఉన్నారు కాబట్టి పొగ తాగడాన్నే ఎంచుకుంటాను.

మా మేనమామకు ఈ అలవాటు పొగాకును మంట వేడితో ఎండబెట్టే గది, అంటే బ్యారన్ దగ్గరే పట్టింది. ఆకు రంగు తిరిగి, ఈనె ఎండేదాకా అయిదారు రోజులు రాత్రింబవళ్లు మంట చూసుకోవాలి. ఒకసారి జబ్బు చేసి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన సిగరెట్ ముట్టలేదు. తిరిగొచ్చిన తొలి రాత్రి బ్యారన్ గుమ్మంలో నిలబడి కట్టెల పొగ వాసన పీల్చగానే ఆయన చేయి తనంతట తానే జేబు తడుముకుంది. చోటు, వాసన, వేళ ఉద్దీపనలై కోరికను లేపుతాయని చెప్పే ప్రవర్తనావాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికుల్లో అత్యధికులు స్వదేశం చేరాక మళ్లీ ఆ వ్యసనంలో పడలేదని లీ రాబిన్స్ 1970లలో చేసిన అధ్యయనం కూడా పరిసరాల బలాన్నే చూపింది.

సంజ్ఞానాత్మక దృక్పథం మనిషి నమ్మకాలను చూస్తుంది. సిగరెట్ తాగితే మనసు కుదుటపడుతుందని తాగేవారు నమ్ముతారు. అయితే ఆ కలతలో పెద్ద భాగం ఒంట్లో నికోటిన్ తగ్గడం వల్ల పుట్టినదే. మనోవిశ్లేషణ దీన్ని పసితనపు నోటి దశకు, అంటే బిడ్డ నోటితోనే సుఖం పొందే దశకు ముడిపెడుతుంది గాని పరీక్షకు నిలిచే ఆధారం చూపదు. మనిషి ఎదుగుదలను, స్వేచ్ఛగా ఎంచుకోవడాన్ని చూసే మానవతావాదం ఇక్కడ చెప్పగలిగింది తక్కువ.

నా దృష్టిలో తేల్చే అంశం ఒక్కటే: దేన్ని కారణమంటున్నామో దాన్ని తీసేస్తే ఫలితం ఆగాలి. పొగ తాగేటప్పుడు మెదడులో ఫలానా భాగం చురుకుగా ఉందని స్కానింగ్ బొమ్మ చూపినంత మాత్రాన అదే కారణమని రుజువు కాదు, ఎందుకంటే అలవాటే మెదడును మార్చి ఉండవచ్చు. ప్రవర్తనకు మూలాన్ని మెదడులో, శరీరంలో వెతికే జైవిక దృక్పథం ఈ గట్టి పరీక్షకు నిలబడింది. నికోటిన్ అతుక్కునే గ్రాహకాల్లో బీటా-2 అనే భాగం లేకుండా పుట్టించిన ఎలుకలు నికోటిన్‌ను తమంతట తాము తీసుకోవడం కొనసాగించలేదని 1998లో వెల్లడైంది. మెదడులో ఇన్సులా అనే భాగం దెబ్బతిన్న కొందరు పొగతాగేవారు ఏ తపనా లేకుండా, తేలిగ్గా సిగరెట్ మానేశారని 2007లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అదే గ్రాహకాలపై పనిచేసే వరెనిక్లిన్ మాత్ర పొగ మాన్పించడానికి వాడుకలో ఉంది.

మన చేలలో కనిపించేది ఇంకొకటి ఉంది. మంచుకు తడిసిన పచ్చాకు కోసే కూలీల చేతులకు నల్లటి జిగురు పట్టి, చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి దిగుతుంది. జన్మలో సిగరెట్ ముట్టని ఆడవాళ్లకు కూడా తల తిరిగి వాంతులవుతాయి. అక్కడ ఏ నమ్మకమూ లేదు, నేర్చుకున్నదీ లేదు. పదార్థం నేరుగా శరీరం మీద పనిచేస్తోంది. మరి ఆ పనివల్ల సిగరెట్ తపన ఎందుకు పట్టదు? పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, మళ్లీ కావాలనిపించే మెదడు రసాయనం డోపమిన్‌ను ఒక్కసారిగా పెంచుతుంది, చర్మం గుండా పోయేది మెల్లగా చేరుతుంది. వాంతి ఎందుకు వస్తుందో, వ్యసనం ఎందుకు పట్టదో రెండూ ఒకే వివరణలో ఇమిడాయి.

అయితే ఈ దృక్పథానికీ హద్దు ఉంది. కవలల అధ్యయనాల్లో నికోటిన్ వ్యసనానికి వారసత్వ వాటా సుమారు సగంగా తేలింది. మొదటి సిగరెట్‌ను ఎవరు, ఎక్కడ చేతికిచ్చారో ఏ జన్యువూ చెప్పదు. "అంతా జన్యువుల్లోనే ఉంది" అని జవాబు రాసిన విద్యార్థికి నేను మార్కులు తగ్గిస్తాను.

మేనమామ చివరికి మానేశారు. అంతకుముందు రెండు సీజన్లు బ్యారన్ కాపలా వేరే మనిషికి అప్పగించి చూశారు. మొదటిసారి నెల, రెండోసారి పది రోజులు ఆగగలిగారు. మూడోసారి కాపలా మానడంతోపాటు డాక్టరు రాసిన మాత్రలు కూడా వాడారు. ఒక్క మనిషి అనుభవం శాస్త్రానికి రుజువు కాదని తెలిసినా, ఆ మూడోసారి అదనంగా చేరింది మాత్ర ఒక్కటే.