సింహపురి రైల్లో వెళ్లి బ్రయన్ ఆడమ్స్ పాట విని వచ్చాం

ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లు పెద్ద ఇంగ్లిష్ పాటల కచేరీకి వెళ్లాలంటే టికెట్ దొరకడం పెద్ద విషయం కాదు. రాత్రి పది గంటలకు కచేరీ అయిపోయాక ఊరి బయట మైదానం నుంచి ఇంటికి ఎలా చేరాలన్నదే అసలు టెన్షన్. హైదరాబాద్‌లో ఉండేవాడు తిట్టుకుంటూనైనా అర్ధరాత్రికి ఇల్లు చేరతాడు. మనకు ఇంకా మూడొందల కిలోమీటర్లు ఉంటాయి. అందుకే ఇందులో పాటల సంగతి ఎంతో రైలు, గది, తిండి, బస్సుల సంగతీ అంతే ఉంటుంది.

కచేరీ 2024 డిసెంబర్ 16న, హైదరాబాద్‌లో. కెనడా గాయకుడు బ్రయన్ ఆడమ్స్ ఆ నెలలో కోల్‌కతా, షిల్లాంగ్, గురుగ్రామ్, ముంబయి, బెంగళూరు తిరిగి మన వైపు వచ్చాడు. చెన్నై ఆ జాబితాలో లేదు. ఉంటే నెల్లూరు మా బావకు పని సులువయ్యేది. ఆయన నెల్లూరులో షామియానాలు, కుర్చీలు, మైక్ సెట్లు అద్దెకిస్తుంటాడు. టికెట్లు కొన్నది ఆయన కూతురు, నా మేనకోడలు. గచ్చిబౌలిలో ఉద్యోగం. "నాన్నా, మామయ్యా, మీ కాలేజీ రోజుల ఆయన వస్తున్నాడు, మీరు రావాల్సిందే" అని మమ్మల్ని అడక్కుండానే కొనేసింది.

కాలేజీ రోజుల ఆయన అన్న మాట నిజమే. 1991లో రాబిన్ హుడ్ సినిమా కోసం ఆయన పాడిన 'ఎవ్రీథింగ్ ఐ డూ' బ్రిటన్‌లో వరుసగా 16 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ లెక్కలు అప్పుడు మాకేం తెలుసు? ఖాళీ క్యాసెట్ కొని షాపులో ఇస్తే ఇంగ్లిష్ పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఆ పాట ఎవరి క్యాసెట్లో చూసినా ఉండేది. బావకు ఇంగ్లిష్ అప్పుడూ అంతంతే, ఇప్పుడూ అంతంతే. గిటార్ మాత్రం బాగా పట్టుకుంటాడు.

సోమవారం కచేరీ అన్నప్పుడు మా అక్క మాత్రం గట్టిగానే గొణిగింది. ఆ రోజే ధనుర్మాసం మొదలు. తెల్లవారుజామున గుడికి పోవాల్సిన మనిషి పాటలని పరుగెత్తడం ఏమిటని ఆమె బాధ. బావ తిరిగొచ్చాక నెల మొత్తం పోతానని ఒప్పుకుని బయటపడ్డాడు.

వెళ్లడానికి సింహపురి ఎక్స్‌ప్రెస్ కన్నా మంచి బండి మా వైపు లేదని నా అభిప్రాయం. గూడూరులో సాయంత్రం బయలుదేరి నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా విజయవాడ దాటుకుని తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దించుతుంది. చార్మినార్ కూడా ఉంది కానీ అది మద్రాసు నుంచి నిండి వస్తుంది. నారాయణాద్రి గుంటూరు, నడికుడి దారిన పోతుంది, తిరుపతి జనం ఎక్కువ. సింహపురి మన జిల్లాల బండి, మన కోటా కొంచెం మెరుగు. పండగ కాని ఆదివారం రాత్రికి కూడా ముందుగా బుక్ చేస్తేనే స్లీపర్‌లో కింది బెర్తు దొరుకుతుంది. యాభై దాటిన మోకాళ్లకు అది ముఖ్యం, ఎందుకంటే మర్నాడు సాయంత్రమంతా నిలబడాలి.

బావ నెల్లూరులో ఎక్కాడు, నేను ఒంగోలులో. నేను ఎక్కేసరికే బోగీలో చేపల పులుసు వాసన. పులుసు రెండో రోజుకే రుచికొస్తుందని పొద్దున వండించి స్టీలు క్యారియర్‌లో తెచ్చాడు, మామిడికాయ ముక్కలతో సహా. "ఆ పాడేటాయన చేప ముట్టడంట, పాలు కూడా తాగడంట" అన్నాను. ఆడమ్స్ 1980ల చివరి నుంచీ మాంసం, పాలు మానేసిన మనిషి. బావ కాసేపు ఆలోచించి, "మరి అరవై అయిదేళ్లకు ఆ గొంతు ఎట్టా నిలబడిందయ్యా?" అన్నాడు. మలైకాజాల పొట్లం మేనకోడలికని దాచాడు, కానీ చీరాల వచ్చేసరికి అందులోంచి రెండు తీశాం.

గది విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఉదయం దిగి రాత్రి బస్సు ఎక్కేవాళ్లు మంచి హోటల్ కోసం డబ్బు పారేసుకోనక్కర్లేదు. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల 24 గంటల చెక్-అవుట్ ఉన్న లాడ్జీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఒక్క మాట ముందే అడగాలి. మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీ చేయమనే హోటల్‌లో పొద్దున ఆరింటికి దిగితే ఒక పూటకు రెండు రోజుల అద్దె కట్టినట్టే. మాకు 1,500 రూపాయలకు రెండు మంచాల గది దొరికింది. వేడినీళ్లు తొమ్మిది వరకే, దుప్పట్లు శుభ్రం, కిటికీ తీస్తే గోడ. మధ్యాహ్నం నిద్రకు ఆ చీకటే మేలైంది. స్టేషన్ పునర్నిర్మాణం పనులు నడుస్తుండటంతో బయటికి వచ్చే దారి కొంచెం తికమకగా ఉంది, సామాను తక్కువ ఉండటం కలిసొచ్చింది. మేనకోడలి ఫ్లాట్‌కే పోవచ్చు కదా అంటారేమో. గచ్చిబౌలికి ఆ ట్రాఫిక్‌లో పోయి రావడంలోనే సగం రోజు అయిపోతుంది. పైగా ఆమెతో ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఉంటారు.

టిఫిన్‌కి స్టేషన్ ఎదురు ఇరానీ హోటల్‌లో బన్ను, చాయ్. బావకు చాయ్ నచ్చింది, ఇడ్లీ నచ్చలేదు. నెల్లూరు మనిషిని హైదరాబాద్ ఇడ్లీతో మెప్పించడం ఎవరి తరం కాదు. మధ్యాహ్నం మెస్ భోజనం. సాయంత్రం నాలుగింటికి కడుపు నిండా తినే బయలుదేరాం, అది చాలా మంచిదైంది.

ఎందుకంటే లోపల తిండి సంగతి చెప్పుకోవాలి. టికెట్ ఫోన్‌లో చూపిస్తే చేతికి పట్టీ కట్టి పంపారు. నీళ్ల సీసా గేటు దగ్గరే తీసేశారు, పవర్ బ్యాంక్ కూడా. లోపల నీళ్ల సీసా, సమోసా, బర్గర్ అన్నీ బయటి ధరకు ఎన్నో రెట్లు. జనం పెరిగేకొద్దీ ఫోన్ సిగ్నల్ పడిపోయి యూపీఐ తిరుగుతూనే ఉంది. జేబులో నోట్లు ఉన్నవాడే రాజు. మరుగుదొడ్ల ముందు వరస పొడుగు. అదే వారం ముంబయి కచేరీలో మరుగుదొడ్లు చాలక మధుమేహం ఉన్న ఒక ప్రేక్షకుడు పడిన అవస్థ వార్తల్లోకి వచ్చింది కదా, బావ అది చదివే వచ్చాడు. లోపలికి అడుగు పెట్టగానే ఆయన చూసింది స్టేజీ కాదు, మరుగుదొడ్లు ఎన్ని, ఎక్కడ ఉన్నాయన్నది. తరవాత కుర్చీల కోసం చూశాడు.

కుర్చీలు లేవు. మాది నిలబడి చూసే టికెట్. "ఏందయ్యా ఇది, ఇన్ని డబ్బులు పోసి నిలబడుకోని చూడాలా? వీఆర్‌సీ గ్రౌండులో ఫంక్షన్ అంటే ఊరికే వచ్చినోడికీ కుర్చీ ఏస్తామే!" అన్నాడు. మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నిజానికి మా వైపు పాట కచేరీ లెక్క వేరు. సింగరకొండ తిరునాళ్లలో ప్రభల వెలుగులో నేల మీద చాప పరుచుకుని పడుకుని వింటాం, పిల్లలు నిద్రపోతారు, తెల్లవారుజామున లేచి మళ్లీ వింటారు. నెల్లూరు పురమందిరంలో బాలసుబ్రహ్మణ్యం పాటల సభ అంటే ముందు వరస పెద్దవాళ్లకు వదిలేస్తారు. ఇక్కడ వయసుకు వరస లేదు. టికెట్‌ను బట్టే చోటు.

చోటు గురించి బావ ఇచ్చిన సలహా మాత్రం మొత్తం ప్రయాణంలో విలువైన మాట. పిల్లలంతా కంచె దగ్గరికి, స్టేజీ ముందుకి తోసుకుంటుంటే ఆయన మమ్మల్ని వెనక్కి లాక్కుపోయాడు. మైదానం మధ్యలో, కొంచెం వెనగ్గా ఒక గుడారం ఉంటుంది. సౌండ్ ఇంజనీర్లు మిక్సర్ పెట్టుకుని కూర్చునేది అక్కడే. "ఆయన చెవికి ఎట్టా ఇనబడతాదో అట్టా సెట్ చేస్తాడు. ఆయన పక్కన నిలబడితే చాలు. ముందుకి పోతే డ్రమ్ములే ఇనబడతాయి, మాట ఇనబడదు" అన్నాడు. స్పీకర్లు నేల మీద పేర్చకుండా స్టేజీ రెండు పక్కలా అరటిగెలల్లాగా పైనుంచి వేలాడదీస్తారు. ఆ వంపు వల్ల ముందున్నవాడి చెవులు పోవు, వెనకున్నవాడికీ గొంతు అందుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి, వంద మీటర్ల వెనక ఇంకో జత స్పీకర్లు పెడితే వాటిని కావాలనే సెకనులో మూడో వంతు దాకా ఆలస్యం చేయాలట. లేకపోతే ఒక్కో మాటా రెండు సార్లు వినిపిస్తుంది. మా ఊళ్లో వీధి చివర హారన్ కట్టినప్పుడు పాట ఎందుకు గజిబిజి అవుతుందో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక పాట. ఆడమ్స్‌కి అంతకు నెల ముందే 65 నిండాయి. పక్కన గిటార్ కీత్ స్కాట్, 1980ల మొదటి నుంచీ ఆయనతోనే ఉన్నాడు. వెనక నాట్యగత్తెలు లేరు, ఎగిరే మంటలు లేవు. గొంతు అదే గరగర. ఆ గరగరే ఆయనకు కలిసొచ్చింది. సన్నని, తియ్యటి గొంతు ఉన్నవాళ్లకు వయసు మీద పడితే వెంటనే తెలిసిపోతుంది, గరుకు గొంతుకు అంత తొందరగా తెలియదు. పైస్థాయికి పోయేచోట కూడా తప్పించుకోలేదు.

'ఎవ్రీథింగ్ ఐ డూ' మొదలవగానే ఫోన్లన్నీ పైకి లేచాయి. అందరూ తీస్తున్న ఆ వీడియోలు మళ్లీ ఎవరూ చూడరని నా నమ్మకం. 'సమ్మర్ ఆఫ్ సిక్స్‌టీ నైన్' మాత్రం వేరు. అది ఉన్న 'రెక్‌లెస్' ఆల్బమ్ 1984 నవంబర్ 5న, సరిగ్గా ఆయన 25వ పుట్టినరోజున వచ్చింది. అంటే మేము విన్నప్పటికి ఆ పాటకు నలభై ఏళ్లు. మా ముందున్న ఇరవై ఏళ్ల పిల్లలకు ప్రతి మాటా నోటికి వచ్చు. బావకు ఒక్క ముక్కా రాదు. అయినా గిటార్ మొదటి దరువు పడగానే ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ, కళ్లు మూసుకుని, కుర్చీ సంగతి మర్చిపోయాడు. 2022లో వచ్చిన కొత్త ఆల్బమ్ పేరే ఈ పర్యటనకూ పెట్టారు. అందులోని పాటలకు జనం కొంచెం చల్లబడ్డారు. అది ఆయన లోపం కాదు. పాత పాటల కోసం వచ్చినవాళ్లకు కొత్తవి వినే ఓపిక ఉండదు, మన సినిమా పాటల సభల్లోనూ అంతే.

లౌడ్ స్పీకర్లకు రాత్రి పది గంటల నిబంధన ఉంది కాబట్టి లెక్క ప్రకారం ముగించారు. ఆ తరవాతే అసలు పరీక్ష. వేలమంది ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తే యాప్‌లో ధర రెండింతలైంది, బండి మాత్రం రాలేదు. మేనకోడలు స్నేహితురాలి కారులో వెళ్లిపోయింది. మేము రోడ్డు మీదికి నడిచి, ఇంకో నలుగురితో కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుని ఎల్బీ నగర్ చేరాం. ఒంగోలు, నెల్లూరు బస్సులు ఎక్కడానికి అదే సరైన చోటు, నగరంలోకి పోనక్కర్లేదు. కచేరీకి వెళ్లేవాళ్లు అర్ధరాత్రి తరవాత ఎల్బీ నగర్ దాటే బస్సే చూసుకోవాలి. సింహపురి తిరుగు బండిని నమ్ముకుంటే చివరి నాలుగైదు పాటలు వదులుకోవాల్సిందే.

ప్రైవేట్ స్లీపర్ బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. ఏసీ చలికి దుప్పటి అడిగితే ఒకటే ఇచ్చారు, అదీ ఎవరో కప్పుకున్నదే. దారి మాత్రం బాగుంది. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర చెన్నై హైవేలో కలుస్తుంది. విజయవాడ చుట్టు తిరగడం కన్నా ఇది ఎంతో నయం. చిక్కల్లా దిగేచోట. ఒంగోలు బస్టాండ్ అని టికెట్ మీద రాసి, తెల్లవారుజామున త్రోవగుంటలో దించి వెళ్లిపోయారు. అక్కడి నుంచి ఆటో 200. ఇదే డబ్బుకు ఆర్టీసీ అయితే బస్టాండ్‌లోకి తెచ్చేది. నిద్ర కొంచెం తక్కువ పట్టినా ఈసారి నేను దానికే ఓటు వేస్తాను.

డబ్బు విషయానికొస్తే, ఇద్దరి రైలు, గది, తిండి, బస్సు అన్నీ కలిపినా ఒక టికెట్ ఖరీదు కాలేదు. అంటే ఆదా చేయాల్సింది ప్రయాణంలో కాదు, టికెట్‌లో. స్టేజీ పక్కన ఖరీదైన చోటు కొనడం కన్నా మామూలు టికెట్ కొని ఆ మిక్సర్ గుడారం పక్కన నిలబడటమే లాభం.

బావ అదే బస్సులో నెల్లూరు చేరి పొద్దున ఫోన్ చేశాడు. కావలి దాటేదాకా నిద్ర పట్టలేదట, కీత్ స్కాట్ గిటార్ చెవిలో తిరుగుతూనే ఉందట. చెన్నైకి ఎవరొచ్చినా తనకు చెప్పమన్నాడు. "పినాకిని ఎక్కి పోదాం. వచ్చేటప్పుడు దాని టైము కుదరదు, అది మధ్యాహ్నమే తిరుక్కుంటాది, కాబట్టి కారు నేను తెస్తా" అన్నాడు. పొద్దున రైల్లో పోయేవాడు రాత్రికి కారు ఎక్కడి నుంచి తెస్తాడో నాకు అర్థం కాలేదు, అడిగితే "మనోళ్లు ఉండారులే" అన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. కుర్చీ ఉన్న టికెట్ అయితేనే, లేదంటే వాళ్లకు కుర్చీలు తనే సప్లై చేస్తాడట, రేటు మాట్లాడమన్నాడు.