ఎకో సరిపోతుందా, ఎం.ఆర్.ఐ. కూడా కావాలా? టర్నర్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయిల బృహద్ధమనికి ఏది మేలు

"ఎకో నార్మల్ అని వచ్చిన తరువాత మళ్లీ ఎం.ఆర్.ఐ. ఎందుకు చేయించాలి?" టర్నర్ సిండ్రోమ్ (రెండో ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగానో కొంతగానో లేకుండా పుట్టడం) ఉన్న అమ్మాయిల తల్లిదండ్రులు, ఎకో అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష అయిన తరువాత, మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఎత్తు గురించి, గ్రోత్ హార్మోన్ సూదుల గురించి, చదువు గురించి వచ్చే సందేహాలకు ఎవరో ఒకరు వివరంగా జవాబు చెబుతూనే ఉంటారు. ఈ ప్రశ్నకు మాత్రం "డాక్టరు గారు చెప్పినట్టు చేయండి" అన్న మాటకు మించి వివరం దొరకదు. ఈ మధ్యే మా అమ్మాయి విషయంలో మేమూ ఈ నిర్ణయం తీసుకోవలసి వచ్చింది కనుక, రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు తేలిన సంగతులు రాస్తున్నాను. నేను ఎం.ఆర్.ఐ. వైపే మొగ్గాను. రెండింటికీ మధ్య తేడాలు చాలానే ఉన్నా, నా దృష్టిలో తూకం తేల్చినది ఒక్కటే: గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనిలో ఎంత భాగం నిజంగా కనిపించింది అన్నది.

ఈ అమ్మాయిలలో నూటికి 15 నుంచి 30 మందికి బృహద్ధమని కవాటం మూడు రెక్కలకు బదులు రెండే రెక్కలతో ఉంటుందనీ, నూటికి 7 నుంచి 18 మందికి బృహద్ధమని ఒకచోట సన్నబడే కోఆర్క్టేషన్ ఉంటుందనీ చాలామందికి తెలిసిందే. మనం అసలు భయపడేది వీటి వెనుక ఉన్న డిసెక్షన్‌కు, అంటే బృహద్ధమని గోడ లోపలి పొర చీలి రక్తం పొరల మధ్యకు చొరబడటానికి. డెన్మార్క్‌లో జరిగి 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఇది టర్నర్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఏటా లక్షకు 36 మందికి వస్తుంది, సాధారణ జనాభాలో 6 మందికి వస్తుంది. లక్షలో 36 అంటే చాలా అరుదే. అయితే మిగతా జనంలో ముసలితనంలో కనిపించే ఈ ప్రమాదం వీరిలో ముప్పై, ముప్పై అయిదేళ్ల ప్రాంతంలోనే ఎదురవుతుంది. అందువల్ల ఆ వయసు రాకముందే, పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్యలోనే, ఆ అమ్మాయి బృహద్ధమని ఎలా ఉందో స్పష్టంగా తెలిసి ఉండాలి.

ముందుగా ఎకో గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే అది లేకుండా ఎవరికీ గడవదు. టర్నర్ అని తేలిన రోజుల్లోనే, ఏ వయసులోనైనా సరే, కడుపులో ఉండగా చేసిన ఎకో బాగానే ఉన్నా సరే, ఒకసారి ఎకో చేయించాలని 2017లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. నెలల పాపకు కూడా మత్తు లేకుండా, పాలు తాగించి నిద్రపుచ్చి చేయవచ్చు. కవాటం ఎలా తెరుచుకుంటోంది, రక్తం వెనక్కి కారుతోందా, సన్నబడిన చోట ఒత్తిడి ఎంత పెరిగింది అన్న విషయాలను, అంటే కదలికకూ ప్రవాహానికీ సంబంధించిన వాటన్నిటినీ, ఎకో అప్పటికప్పుడు చూపిస్తుంది. పసిపిల్లల ఛాతీ పలుచగా ఉంటుంది కనుక వారిలో బొమ్మ కూడా చక్కగా వస్తుంది. గుండెకు ఆనుకుని ఉండే బృహద్ధమని మొదలును కొలవడానికి ఎకో నమ్మదగినదే.

ఇబ్బంది ఆ మొదలు దాటిన తరువాత వస్తుంది. బృహద్ధమని గుండె నుంచి పైకి లేచి, గొడుగు పిడిలా వంగి, వెన్ను వైపుగా కిందికి దిగుతుంది. ఆ వంపునూ, వంపు దిగే చోటునూ ఎకోలో చూడాలంటే మెడ కింద గుంటలో ప్రోబ్ పెట్టి చూడాలి. టర్నర్ అమ్మాయిలలో మెడ పొట్టిగా, ఛాతీ వెడల్పుగా ఉండటం సాధారణం కనుక, వయసు పెరిగే కొద్దీ ఆ కిటికీ మూసుకుపోతూ వస్తుంది. కోఆర్క్టేషన్ తరచుగా వచ్చేది సరిగ్గా ఆ వంపు చివరలోనే. పైగా ఈ సిండ్రోమ్‌లో వంపు పైభాగం సాగి, చదునుగా, మెలికపడినట్టు ఉండటం చాలా ఎక్కువ. దాదాపు సగం మందిలో అది కనిపించిన అధ్యయనం కూడా ఉంది. ఆ సాగుదల అధిక రక్తపోటుతోనూ కోఆర్క్టేషన్‌తోనూ ముడిపడి కనిపిస్తుంది కనుక దాన్ని ఆకారపు తేడాగా తీసిపారేయలేము. డిసెక్షన్ కూడా అన్నిసార్లూ పైకి లేచే భాగంలోనే మొదలు కాదు, దిగే భాగంలోనూ మొదలవుతుంది. ఇన్ని సంగతులు జరిగే చోటు కనిపించనే లేదంటే, "నార్మల్" అన్న మాట కనిపించినంత మేరకే చెల్లుతుంది. అందుకే ఎకో రిపోర్టు చేతికి రాగానే ముగింపు వాక్యానికి బదులు, వంపు కనిపించిందా, కవాటానికి ఎన్ని రెక్కలున్నాయో స్పష్టంగా తేలిందా అన్నది ముందు చదవండి. ఆ రెండింటి ప్రస్తావనే లేకపోతే డాక్టరు గారిని తప్పకుండా అడగండి.

ఎం.ఆర్.ఐ.లో ఈ చిక్కు లేదు. ఛాతీ ఎంత వెడల్పుగా ఉన్నా, కవాటం దగ్గర నుంచి పొట్ట వరకు బృహద్ధమని మొత్తం ఒకే పరీక్షలో కనిపిస్తుంది, రక్తనాళానికి సరిగ్గా అడ్డంగా కోత తీసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ కొలవవచ్చు. ఎకోలో రెక్కలు తేలని కవాటం ఇందులో తేలిన సందర్భాలు తక్కువేమీ కావు. ఊపిరితిత్తుల నుంచి ఎడమ గదికి రావలసిన సిర ఒకటి దారి తప్పి కుడి వైపు కలవడం టర్నర్‌లో మామూలు పిల్లలకంటే చాలా ఎక్కువ. ఎకో తరచుగా జారవిడిచే ఆ లోపాన్నీ ఎం.ఆర్.ఐ. పట్టిస్తుంది. ఎక్స్‌రే కిరణాలు వాడరు కనుక జీవితాంతం మళ్లీ మళ్లీ చేయించుకోవలసిన వారికి రేడియేషన్ బెంగ కూడా ఉండదు.

అయితే కదలకుండా పడుకోవాలి. అరగంట నుంచి గంట వరకు, శబ్దం చేసే గొట్టంలో, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి. చిన్నపిల్లలకు అది సాధ్యం కాదు, మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: ఎకోలో అనుమానించదగినదేమీ లేనప్పుడు, కేవలం ఎం.ఆర్.ఐ. కోసం పాపకు పూర్తి మత్తు ఇప్పించకూడదు. దవడ చిన్నదిగా, మెడ పొట్టిగా ఉండే ఈ పిల్లలలో శ్వాసనాళంలోకి గొట్టం వేయడం కష్టం కావచ్చు. మార్గదర్శకాలు కూడా మత్తు అవసరం లేకుండా చేయగలిగిన వయసు రాగానే ఎం.ఆర్.ఐ. చేయించమనే చెబుతున్నాయి. ఆ వయసు ఒక్కొక్కరికి ఒక్కొక్కలా ఉంటుంది. వినికిడి యంత్రం పెట్టుకునే అమ్మాయిలు ఈ సిండ్రోమ్‌లో చాలామంది ఉన్నారు. దాన్ని తీసేసి లోపలికి వెళ్లాలి కనుక "ఊపిరి బిగబట్టు" అన్న మాట వారికి వినిపించదు. సిబ్బందితో ముందే మాట్లాడి సంకేతం ఏర్పాటు చేసుకోవాలి, ఇంట్లో ఊపిరి బిగబట్టడం నాలుగైదు రోజులు ఆటలా అలవాటు చేయాలి. చెవి లోపల అమర్చిన కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే తేదీ తీసుకునేటప్పుడే చెప్పాలి. రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే గాడోలినియం సూది అందరికీ అవసరం ఉండదు. అది లేకుండానే బృహద్ధమనిని చూసే పద్ధతులు ఉన్నాయి, కావాలా వద్దా అని అడగడంలో తప్పు లేదు.

ఏ పరీక్ష చేయించినా వచ్చేది మిల్లీమీటర్లలో ఒక అంకె. ఆ అంకెను ఎవరి శరీరంతో పోల్చి చూశారన్నది కూడా తెలియాలి. 145 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు ఉన్న పద్దెనిమిదేళ్ల అమ్మాయిని తీసుకుందాం. ఆమె శరీర ఉపరితల వైశాల్యం సుమారు 1.35 చదరపు మీటర్లు. పైకి లేచే బృహద్ధమని 3.2 సెంటీమీటర్లు ఉందంటే, పెద్దవాళ్ల పట్టికలో చూసేవారికి అది కంగారు పడవలసిన అంకెలా కనిపించదు. వైశాల్యంతో భాగిస్తే 2.4 దగ్గరికి వస్తుంది. 165 సెంటీమీటర్లు, 65 కిలోలు ఉన్న అమ్మాయికి అదే 3.2 సెంటీమీటర్లు 1.85 మాత్రమే అవుతుంది. 2017 మార్గదర్శకాల ప్రకారం పదహారేళ్లు దాటినవారిలో ఈ సూచిక 2 దాటితే జాగ్రత్తగా గమనించాలి, 2.5 దాటితే ప్రమాదం బాగా పెరిగినట్టు లెక్క, ఆపరేషన్ గురించిన మాట కూడా అక్కడే వస్తుంది. అంతకంటే చిన్న పిల్లలకు టర్నర్ అమ్మాయిల కోసమే తయారుచేసిన జెడ్ స్కోర్ (అదే ఒడ్డూ పొడుగూ ఉన్నవారి సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) పట్టికలు వాడాలి.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది, దాన్ని చెప్పేవారు తక్కువ. పైన చెప్పిన 145 సెంటీమీటర్ల అమ్మాయే బరువు పెరిగి 60 కిలోలకు చేరితే, బృహద్ధమని రవ్వంత కూడా మారకపోయినా, సూచిక 2.4 నుంచి 2.06కు దిగిపోతుంది. తగ్గిందని సంతోషిస్తాము, నిజానికి తగ్గినదేమీ లేదు. అందువల్ల బరువు ఎక్కువగా ఉన్నవారిలో ఎత్తుతో మాత్రమే భాగించిన సూచికను కూడా వేయించుకుని చూడటం మంచిది. అలాగే, ఒక్క అంకె కంటే రెండు పరీక్షల మధ్య వచ్చిన పెరుగుదల ఎక్కువ చెబుతుంది. ఎకోలో గోడల లోపలి అంచు నుంచి కొలిచారా, బయటి అంచు నుంచి కొలిచారా, గుండె ముడుచుకున్నప్పుడా, సడలినప్పుడా అన్నదాన్ని బట్టే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. ఈ ఏడాది ఎకో అంకెను పోయిన ఏడాది ఎం.ఆర్.ఐ. అంకెతో నేరుగా పోల్చి భయపడకూడదు, ఊరట పడకూడదు. ఎకోను ఎకోతో, ఎం.ఆర్.ఐ.ని ఎం.ఆర్.ఐ.తో, వీలైతే ఒకే చోట, ఒకే పద్ధతిలో పోల్చాలి. రిపోర్టు కాగితంతో పాటు బొమ్మలు ఉన్న సి.డి.ని కూడా దాచుకోండి.

సి.టి. స్కాన్ బృహద్ధమనిని అద్భుతంగా చూపిస్తుంది, కొద్ది సెకన్లలో అయిపోతుంది. రేడియేషన్ వల్ల మామూలు తనిఖీలకు అది తగదు. ఛాతీలోనో వెన్నులోనో పొట్టలోనో హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చినప్పుడు మాత్రం వెనుకాడకూడదు. అప్పుడు ఆసుపత్రిలో మొదట చెప్పవలసిన మాట "టర్నర్ సిండ్రోమ్ ఉంది, డిసెక్షన్ కాదని తేల్చండి" అన్నదే, ఎందుకంటే పాతికేళ్ల అమ్మాయికి అలాంటి నొప్పి వస్తే గ్యాస్ అనుకునేవారే ఎక్కువ. ఈ.సి.జి. గుండె లయ కోసం చేయించాలి, బృహద్ధమని గురించి అది ఏమీ చెప్పదు. ఛాతీ ఎక్స్‌రే ఈ పోటీలోనే లేదు.

రెండు యంత్రాలూ చేయలేని పని ఒకటుంది: ప్రతి సందర్శనలోనూ రక్తపోటు చూడటం. కుడి చేతికీ కాలికీ చూసి, చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ ఉంటే, స్కాన్ ఎంత బాగున్నా కోఆర్క్టేషన్ గురించి మళ్లీ ఆలోచించాలి. రాత్రి నిద్రలో రక్తపోటు తగ్గకపోవడం వీరిలో తరచుగా కనిపిస్తుంది కనుక, పగటి కొలత హద్దులో ఊగిసలాడుతూ ఉంటే 24 గంటల రక్తపోటు పరీక్ష అడగవచ్చు.

మేము చివరికి ఎంచుకున్నది ఇలా ఉంది. టర్నర్ అని తేలినప్పుడు చేసిన ఎకో ఎలాగూ ఉంది. అమ్మాయి మెలకువగా, కదలకుండా పడుకోగల వయసు వచ్చింది కనుక, ఎకో బాగున్నా సరే, మొత్తం బృహద్ధమనికి ఒకసారి ఎం.ఆర్.ఐ. చేయించాము. ఇకపై పెరుగుదలను చూడటానికి అదే ఆధారం. ఎం.ఆర్.ఐ.లో వంపు, దిగే భాగం బాగుండి, ఎకోలో మొదలు స్పష్టంగా కనిపిస్తుంటే, మధ్య కాలంలో ఎకోతో గడపడానికి నాకు అభ్యంతరం లేదు. కవాట లోపం, రక్తపోటు, వెడల్పు లేనివారికి పిల్లలలో అయిదేళ్లకు ఒకసారి, పెద్దలలో పదేళ్లకు ఒకసారి చూస్తే చాలని 2017 మార్గదర్శకాలు అన్నాయి. రెండు రెక్కల కవాటం, కోఆర్క్టేషన్, అధిక రక్తపోటు, పెరిగిన వెడల్పులలో ఏది ఉన్నా ఆ వ్యవధి చాలా తగ్గుతుంది, అప్పుడు ఎం.ఆర్.ఐ.ని పక్కన పెట్టే ప్రశ్నే లేదు. మొజాయిక్ (కొన్ని కణాలలో మాత్రమే క్రోమోజోమ్ లోపం ఉండటం) కనుక మా అమ్మాయికి ఇవేవీ అక్కర్లేదని అనుకునేవారు ఉన్నారు. మొజాయిక్‌లో గుండె లోపాలు తక్కువే గాని, తనిఖీ నుంచి మినహాయింపు లేదు.

పెద్దయ్యాక దాత అండంతో గానీ సహజంగా గానీ తల్లి కావాలనుకునే అమ్మాయి విషయంలో ఎంపిక అన్నదే ఉండదు. గర్భానికి ముందు రెండేళ్ల లోపు తీసిన ఎకోతో పాటు ఎం.ఆర్.ఐ. గానీ సి.టి. గానీ తప్పనిసరిగా ఉండాలి, సూచిక 2.5 దాటినవారికి గర్భం వద్దనే వైద్యులు చెబుతారు. గర్భం నిలిచిన తరువాత ఎకోనే మళ్లీ ముందుకు వస్తుంది: అంతా బాగున్నవారికి కూడా ఇరవయ్యవ వారం ప్రాంతంలో కనీసం ఒకసారి, బృహద్ధమని వెడల్పుగా ఉన్నవారికి నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చేస్తారు. వంపునో దిగే భాగాన్నో చూడవలసి వస్తే గాడోలినియం లేకుండా ఎం.ఆర్.ఐ. తీస్తారు.