1978లో ఏది మేలు: మరో చరిత్రా, పదహారేళ్ల వయసా, సీతామాలక్ష్మా?

విశాఖలో పాత సినిమాలు చూసేవాళ్లెవరినైనా 1978లో బెస్ట్ ఏదని అడగండి, ఆలోచించకుండా మరో చరిత్ర అనేస్తారు. ఎందుకూ అంటే మాత్రం సినిమా గురించి కాకుండా అది తీసిన భీమిలి గురించి మొదలెడతారు. మన బీచ్, మన కొండలు, మన ఊరు తెర మీద అంత అందంగా ఇంకెప్పుడు కనబడింది అంటారు. నిజమే, నాకూ ఆ ఫ్రేములంటే ప్రాణం. అయితే ఊరి అభిమానంతో వేసే ఓటు ఆ సినిమాకే తక్కువ చేసినట్టు అని నా బాధ.

పైగా ఊరి లెక్కే తీస్తే ఆ ఏడాది మనవాళ్లు ఇంకా చాలా చోట్ల ఉన్నారు. సీతామాలక్ష్మిలో వంకాయల సత్యనారాయణ గారు విశాఖ మనిషి. ప్రాణం ఖరీదులో 'యాతమేసి తోడినా' రాసిన జాలాది గారు ఆఖరి రోజుల దాకా ఇక్కడే ఉన్నారు. మరో చరిత్రకి మాటలు రాసిన గణేష్ పాత్రో గారిది పార్వతీపురం, అంటే బీచ్ ఒక్కటే కాదు, ఆ సినిమాలో మాటలు కూడా ఉత్తరాంధ్ర చేతి నుంచి వచ్చినవే. ఈ సంగతి మనవాళ్లు ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు.

ఇక ఆ ఏడాది మామూలు ఏడాది కాదు. ప్రాణం ఖరీదుతో చిరంజీవి తొలిసారి తెర మీద కనబడ్డాడు, నవంబరులో బాపు గారి మన ఊరి పాండవులు వచ్చింది, దాసరి గారి శివరంజని, కటకటాల రుద్రయ్య రెండూ అప్పటివే. ఇవన్నీ మంచి సినిమాలే, కానీ మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసేది, చూశాక ఎవరితోనైనా వాదించాలనిపించేది నా వరకు మూడే.

సీతామాలక్ష్మి నుంచి మొదలెడతాను. సినిమా పిచ్చి ఉన్న ఇద్దరు పేద పిల్లలు, అందులో అమ్మాయి మద్రాసు వెళ్లి హీరోయిన్ అయిపోతుంది, అబ్బాయి ఊళ్లో మిగిలిపోతాడు. కథ ఇంతే. విశ్వనాథ్ గారు దీన్ని ఎక్కడా అరవకుండా చెప్పారు. తాళ్లూరి రామేశ్వరి అప్పటికే హిందీలో హిట్ కొట్టి వచ్చినా ఇక్కడ మట్టి మనిషిలా కలిసిపోయింది. ఇదే ఏడాది శివరంజని కూడా ఒక నటి కథే, జయసుధ గారు అద్భుతంగా చేశారు, కానీ అందులో కన్నీళ్ల మోతాదు ఎక్కువ. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను క్షణం ఆలోచించకుండా సీతామాలక్ష్మి వైపే. పెద్ద పోటీకి వచ్చేసరికి మాత్రం ఇది కాస్త వెనకబడుతుంది, ఎందుకంటే మద్రాసు భాగంలో మొదటి సగంలోని ఊపు లేదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. ఇందులో ఓ ఆసక్తికరమైన ముడి ఉంది. 1977లో భారతీరాజా తన మొదటి సినిమాగా తమిళంలో తీసిన పదినారు వయదినిలేలో కుంటి అమాయకుడి వేషం వేసింది కమల్ హాసన్. మరుసటి ఏడాది రాఘవేంద్రరావు గారు దాన్ని పదహారేళ్ల వయసుగా తీస్తే ఆ వేషం చంద్రమోహన్‌కి వచ్చింది, కమల్ ఏమో బాలచందర్ గారితో మరో చరిత్ర చేసి మన భీమిలి ఒడ్డున తెలుగు పిల్లని ప్రేమించే బాలు అయ్యాడు. అంటే ఒకే ఏడాది మన ప్రేక్షకుల ముందుకి కమల్, కమల్ వదిలిన చెప్పుల్లో కాళ్లు పెట్టిన చంద్రమోహన్ ఇద్దరూ వచ్చారన్నమాట. ఇక్కడ నేను చంద్రమోహన్ పక్షం. సీతామాలక్ష్మిలోనూ హీరో ఆయనే కదా, ఒకే ఏడాదిలో రెండు వేషాలు, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడలేదు. బాలుగా కమల్ కుర్రతనం బాగుంటుంది, డాన్సు బాగుంటుంది, అక్కడక్కడా తన తెలివి మనకి కనబడాలని ఆరాటపడుతున్నట్టు కూడా ఉంటుంది. చంద్రమోహన్‌లో ఆ ఆరాటం లేదు.

అమ్మాయిల దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. శ్రీదేవి మల్లిగా ఎంత బాగా చేసినా, పట్నం నుంచి వచ్చిన డాక్టర్ని నమ్మి మోసపోయే పిల్ల కాబట్టి సినిమా చాలాసేపు ఆమెకి జరిగేవి చూపిస్తుంది. మరో చరిత్రలో స్వప్నగా చేసిన సరిత అలా కాదు. మొదటి సినిమా, చామనఛాయ, బొద్దు మొహం, అప్పటి హీరోయిన్ల లెక్కలో ఒక్కటీ సరిపోదు, అయినా కళ్లు తిప్పుకోలేం. తల్లి బాలు ఫోటో కాల్చేస్తే ఆ బూడిద కప్పులో కలుపుకుని తాగేసే సీనుంది చూడండి, ఏడవదు, అరవదు, తల్లి కళ్లలోకి చూస్తూ తాగేస్తుంది. ఆ మొండితనం ఆ పిల్ల సొంతం. తర్వాత ఎందరో హీరోయిన్లకి గొంతు అరువిచ్చిన మనిషి కదా, ఆ గొంతు ఎంత పలుకుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

మరో చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బీచ్ సీను కూడా కాదు, లిఫ్టులో పాట. బాలు తమిళ కుర్రాడు, తెలుగు సరిగ్గా రాదు, దాంతో తెలుగు సినిమా పేర్లన్నీ గుదిగుచ్చి ప్రేమ చెప్పుకుంటాడు. 'కలిసి ఉంటే కలదు సుఖము' అనే పల్లవే పాత సినిమా పేరు. ఆత్రేయ గారికి ఎంత చనువు లేకపోతే అంత ఇరుకు చోట అలాంటి పాట రాస్తారు! భాష అడ్డం అనేది మొత్తం కథకి మూలం, ఆ అడ్డాన్నే ఆట చేసేశారు. డబ్బింగ్ కూడా చెయ్యకుండా తెలుగులోనే మద్రాసు సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడిందంటే తమిళ ప్రేక్షకులకి అక్కడ ఏం అందిందో ఊహించండి. అదే కథని బాలచందర్ 1981లో హిందీలో కలర్‌లో, గోవాలో తీశారు, పెద్ద హిట్టు, కానీ నాకు మాత్రం బ్లాక్ అండ్ వైట్ భీమిలి సముద్రం ముందు ఆ గోవా తేలిపోతుంది. లోకనాథ్ గారి కెమెరాలో అలలకీ ఆ శిథిలాలకీ రంగు లోటే తెలియదు.

ఇంత చెప్పాక దాని లోపం కూడా చెప్పాలి. ముగింపు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. సినిమా అంతా ఇద్దరికీ అడ్డం ఎవరు? పెద్దవాళ్లు, భాష, ఏడాది ఎడబాటు అనే షరతు, మధ్యలో మాధవి పాత్రతో వచ్చిన అపోహ. వాటన్నిటినీ దాటేస్తారు. తీరా గెలిచే రోజున ఒక పక్క బాలు మీద రౌడీలు పడతారు, ఇంకో పక్క స్వప్న మీద ఇంకో దుర్మార్గుడు, ఇద్దరూ సముద్రంలో దూకేస్తారు. అంత మొండి పిల్ల బతకడానికి మొండికెయ్యకపోవడం ఏమిటి? పదహారేళ్ల వయసులో కూడా ఆడపిల్ల మీద దాడి ఉంది, కానీ అక్కడ రాయి ఎత్తేవాడున్నాడు, జైలుకి వెళ్లేవాడున్నాడు, మల్లి బతికే ఉంటుంది, అతని కోసం ఎదురుచూస్తుంది. ఇంట్లో పదహారేళ్ల పిల్ల ఉంటే ముందు ఏది చూపిస్తారంటే నేను మల్లి కథే చూపిస్తాను. చివరి పదిహేను నిమిషాల మీదే తీర్పు ఇవ్వమంటే పదహారేళ్ల వయసుకి ఎదురులేదు.

కానీ తీర్పు మొత్తం సినిమా మీద. రీమేక్ ఎంత బాగున్నా కథ ఎముకలు భారతీరాజావి. మరో చరిత్ర మాత్రం తెలుగులోనే పుట్టి బయటికి వెళ్లింది. సరిత, ఆ లిఫ్టు, గణేష్ పాత్రో మాటలు, వీటి కోసం నా ఓటు దానికే, రెండో స్థానం మల్లికి, మూడు సీతాలుకి.

పాటల వరకే అయితే ఈ వరస చెల్లదు. మరో చరిత్రలో 'ఏ తీగ పూవునో', పదహారేళ్ల వయసులో 'సిరిమల్లె పువ్వా' రెండూ వదులుకోలేనివే అయినా, గొంతు పోయి ఏళ్లు గడిచిన కృష్ణశాస్త్రి గారు సీతామాలక్ష్మి కోసం మావిచిగురుకీ కోయిల గొంతుకీ ముడిపెట్టి రాసిన ఆ పాటకి ఎస్పీ బాలు, సుశీల గొంతులు తోడయ్యాక ఆ ఏడాది దాని పక్కన ఇంకే పాటా నిలబడదు.