సిరోఫ్లెక్సా, కొడాక్ రిఫ్లెక్స్ టూనా?

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తరువాతి సంవత్సరాలలో, ఖరీదైన జర్మన్ కెమెరా రోలీఫ్లెక్స్ ధరను భరించలేని అమెరికన్ల కోసం స్వదేశంలోనే తయారైన జంట కటకాల (ఒకటి దృశ్యాన్ని చూడటానికి, మరొకటి ఫొటో తీయడానికి) కెమెరాలలో ఈ రెండింటినీ చెప్పుకోదగినవిగా భావిస్తాను. రెండూ 6×6 సెంటీమీటర్ల నెగెటివ్‌లనే ఇస్తాయి.

దృశ్యాన్ని చూసే సౌకర్యంలో మాత్రం కొడాక్‌దే పైచేయి. దృశ్యం పడే గరుకు గాజు తెరకు తోడుగా అమర్చిన, వెలుగును తెర అంతటా పరిచే ఎక్టలైట్ ఫ్రెనెల్ కటకం (సన్నని గాడులున్న పలుచని కటకం) వల్ల, సిరోఫ్లెక్స్‌లో మసకబారే మూలలు ఇందులో వెలుగుతో కనిపిస్తాయి. ఫిల్మ్ తిప్పేటప్పుడు తరువాతి ఫ్రేము దగ్గర అదే ఆగుతుంది. సిరోఫ్లెక్స్‌లోనైతే వెనుకనున్న ఎర్ర కిటికీలో అంకెను చూస్తూ మనమే ఆపాలి.

ఫోకస్ విధానమూ వేరు. సిరోఫ్లెక్స్‌లో పక్కనున్న గుండ్రని మీట రెండు కటకాలున్న పలకను మొత్తంగా ముందుకు జరుపుతుంది. కొడాక్‌లో కటకాల అంచులకున్న పళ్లు ఒకదానితో ఒకటి కలిసి తిరుగుతాయి, కనుక పాత గ్రీజు గట్టిపడితే తిప్పడం కష్టమవుతుంది.

అయినా నేను సిరోఫ్లెక్స్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే అది నేటికీ దొరికే 120 రకం చుట్ట ఫిల్మ్‌ను నేరుగా తీసుకుంటుంది. కొడాక్ కోరే 620 రకం ఫిల్మ్ వెడల్పులో అదే అయినా దాని చుట్ట ఇరుసు సన్ననిది. 1995లో కొడాక్ దాని తయారీని ఆపేసినందున, 120 ఫిల్మ్‌ను చీకటిలో పాత 620 చుట్టకు మార్చి ఎక్కించుకోవలసి వస్తుంది.